తలరాత పేరుతో తలను పోగొట్టుకుందామా?



కిందటి రమజాన్ నెలలో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిశాక మా మొహల్లాకు చెందిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు పాలు తేవడానికి మోటారు సైకిల్ మీద బయల్దేరాడు. పాల దుకాణం ఇంటికి కిలోమీటరు దూరం కూడా ఉండదు. మలుపులో ఇసుక మీద బండి జారింది. చెయ్యి విరగలేదు, కాలు విరగలేదు. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు. తల మాత్రం డివైడరు అంచుకు తగిలింది. సహరీ వేళకు అతను ఈ లోకంలో లేడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. హెల్మెట్ ఇంట్లోనే ఉంది, తలుపు పక్కన మేకుకు వేలాడుతూ.

ఆ పిల్లవాడికి గుసుల్ చేయించిన వారిలో నేనూ ఒకణ్ణి. ఖబ్రస్తాన్ నుండి తిరిగి వస్తుండగా అతని తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "హజ్రత్, వాడి తఖ్దీర్ అంతేనంటారా? ఆ హెల్మెట్ పెట్టుకుని ఉంటే బ్రతికేవాడా?" అని అడిగాడు. "సబర్ చేయండి భాయ్, అల్లాహ్ నిర్ణయం" అన్నాను. అది సరైన మాటే. కాని అతను అడిగింది రెండు ప్రశ్నలు. నేను జవాబిచ్చింది ఒక్కదానికే. రెండో ప్రశ్న ఆ రోజు నుండి నన్ను వెంటాడుతూనే ఉంది. ఈ నాలుగు మాటలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే.

తఖ్దీర్‌ను నమ్మినవారు ఏం చేశారు?

హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదని మన యువకుల్ని అడిగి చూడండి. ఉక్కగా ఉంటుందంటారు, జుట్టు చెదిరిపోతుందంటారు, ఇక్కడికే కదా అంటారు. ఈ సాకులు అందరూ చెప్పేవే. కాని మనలో కొందరు వీటికి ధార్మిక రంగు పులిమి మరొక సాకు చెబుతారు. "చావు రాసి ఉంటే హెల్మెట్ ఆపుతుందా? రాసి లేకపోతే ఏ లారీ ఏం చేస్తుంది?" అంటారు. ఇది ఈమాన్ మాటలా వినిపిస్తుంది. నిజానికి ఇది ఈమాన్ కాదు, బద్ధకానికి తొడిగిన ముసుగు. ఇలా మాట్లాడే వ్యక్తి రాత్రి దుకాణానికి తాళం వేయకుండా వస్తాడా? రాసి ఉన్న ఉపాధి ఎలాగూ వస్తుందని వ్యాపారం మానేస్తాడా? డబ్బు దగ్గర గుర్తుకు రాని తఖ్దీర్ ప్రాణం దగ్గరే ఎందుకు గుర్తుకు వస్తున్నట్లు?

తఖ్దీర్ అంటే ఏమిటో మనకంటే సహాబాలకు బాగా తెలుసు. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో సిరియా ప్రాంతానికి బయల్దేరి సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. ముందున్న ప్రదేశంలో ప్లేగు వ్యాపించిందని అక్కడ తెలిసింది. ఆయన సహాబాలతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి), అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని అడిగారు. అవును, అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళ్తున్నామని హజ్రత్ ఉమర్ (రజి) బదులిచ్చారు. ఆ తరువాత ఒక ఉదాహరణ కూడా చెప్పారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే నీ ఒంటెల్ని ఎటు మేపినా అది దైవ నిర్ణయం ప్రకారమే కదా అన్నది ఆ ఉదాహరణ సారాంశం (బుఖారీ, ముస్లిం). కాస్త ఆలోచించండి. ప్రమాదం తఖ్దీర్ అయితే, ప్రమాదం నుండి కాపాడే హెల్మెట్ కూడా తఖ్దీరే. ఒకటి దైవ నిర్ణయమనీ, రెండోది దానికి వ్యతిరేకమనీ అనుకోవడం అజ్ఞానం.

ఒంటెను కట్టేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన సమాధానం మనందరికీ తెలిసిందే. ముందు కట్టెయ్యి, తరువాత తవక్కుల్ చెయ్యి అన్నది దాని భావం (తిర్మిజీ). చుట్టూ పిట్టగోడ లేని మిద్దె మీద నిద్రపోయేవాడి విషయంలో రక్షణ బాధ్యత తొలగిపోతుందని కూడా ఆయన హెచ్చరించారు (అబూ దావూద్). పిట్టగోడ లేని మిద్దె మీద నిశ్చలంగా పడుకున్నవాడి పరిస్థితే ఇది! మరి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోతూ తలకు ఏ రక్షణా లేనివాడి మాటేమిటి? ఆ వేగంతో వెళ్ళి గోడను ఢీకొనడం దాదాపు పది మీటర్ల ఎత్తు నుండి, అంటే మూడంతస్తుల మేడ మీద నుండి, కిందపడడంతో సమానం.

ప్రవక్త (సఅసం) శిరస్సుపై శిరస్త్రాణం

హెల్మెట్ ఏదో పాశ్చాత్యుల వస్తువనీ, ధర్మానికి సంబంధం లేని పోలీసుల గొడవనీ అనుకునేవారు సీరత్ గ్రంథాలు చదవాలి. ఉహుద్ యుద్ధం రోజున దైవప్రవక్త (సఅసం) ఒకదాని మీద ఒకటిగా రెండు కవచాలు ధరించారు. తలకు ఇనుప శిరస్త్రాణం ఉంది. శత్రువుల దాడిలో ఆ శిరస్త్రాణం పగిలింది, దంతం విరిగింది, ముఖం రక్తసిక్తమయింది. కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) గాయాన్ని కడిగి, రక్తం ఆగకపోతే చాప ముక్కను కాల్చి ఆ బూడిదను అద్దారు (బుఖారీ). హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కాలోకి విజేతగా ప్రవేశించినప్పుడు కూడా ఆయన శిరస్సుపై శిరస్త్రాణం ఉందని హజ్రత్ అనస్ (రజి) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం).

అల్లాహ్ మీద ఆయన (సఅసం) కంటే ఎక్కువ నమ్మకం ఉన్నవారు ఎవరు? దైవదూతలు ఎవరికి సహాయంగా దిగివచ్చారో ఆయనే కవచం తొడుక్కుని, శిరస్త్రాణం పెట్టుకుంటే, "నాకు అల్లాహ్ ఉన్నాడు, హెల్మెట్ అక్కర్లేదు" అనే మనం ఎవరిని అనుసరిస్తున్నట్లు?

దివ్య ఖుర్ఆన్ ఇంకా ముందుకు వెళ్తుంది. యుద్ధ భూమిలో నమాజు చేసే పద్ధతిని నేర్పుతూ, నమాజులో నిలబడి ఉన్నప్పుడు సైతం జాగ్రత్తలు వదలవద్దని అల్లాహ్ ఆదేశించాడు (4:102). అల్లాహ్ సన్నిధిలో నిలబడినవాడికే జాగ్రత్త తప్పలేదు, రోడ్డు మీద ఉన్నవాడికి తప్పుతుందా? హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం)కు కవచాల తయారీ నేర్పింది తానేనని, అవి మీ రక్షణ కోసమేనని చెప్పి, మరి మీరు కృతజ్ఞత చూపుతారా అని ప్రశ్నించాడు (21:80). అంటే రక్షణ సామగ్రి కూడా దైవానుగ్రహమే. దాన్ని వాడుకోవడం కృతజ్ఞత. మేకుకు తగిలించి వెళ్ళడం కృతఘ్నత.

మరో చోట అదే దావూద్ (అలైహిస్సలాం)కు కవచాలు నిండుగా ఉండాలని, కడియాల కూర్పు సరైన కొలతతో ఉండాలని అల్లాహ్ సూచించాడు (34:11). సోదరులారా! ఇందులో నాణ్యత గురించిన పాఠం ఉంది. జరిమానా తప్పించుకోవడానికి రోడ్డు పక్కన కొన్న పల్చటి ప్లాస్టిక్ డొప్ప హెల్మెట్ కాదు. పైన గట్టి పెంకు, దాని లోపల తలకు తగిలే దెబ్బను తాను నలిగి పీల్చుకునే మందపాటి థర్మోకోల్ వంటి పొర, గడ్డం కింద బిగించే పట్టీ ఉండాలి. మన దేశంలో దీనికి ఐఎస్ 4151 అనే ప్రమాణం ఉంది. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ల అమ్మకం 2021 జూన్ 1 నుండి నిషిద్ధం. మన సోదరుల్లో హెల్మెట్లు అమ్మేవారు చాలామంది ఉన్నారు. దొంగ గుర్తు వేసిన సరుకు అమ్మడం కేవలం కల్తీ వ్యాపారం కాదు, ఒక మనిషి ప్రాణంతో చేసే మోసం. ఆ సంపాదన హలాల్ ఎలా అవుతుంది?

పోలీసు కోసమా, ప్రాణం కోసమా?

మనం రోజూ చూసే దృశ్యం ఒకటుంది. కూడలి రాగానే చేతికి తగిలించుకున్న హెల్మెట్ తల మీదికి ఎక్కుతుంది. పోలీసు దాటగానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. రోడ్డుకు మోచెయ్యి ఏదో తల ఏదో తెలియదు కదా! ఎవరైనా చూస్తే నమాజు చేసి, చూడకపోతే మానేసేవాణ్ణి మనం ఏమంటాం? మనిషి చూపుకు భయపడి, అల్లాహ్ ఇచ్చిన అమానతును కాపాడడానికి మాత్రం పట్టించుకోని స్థితి ఇది. ఈ శరీరం మన సొంతం కాదు. దాన్ని దేనికి వినియోగించావని ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు (తిర్మిజీ). మీ చేతులారా వినాశంలో పడవద్దని (2:195), మిమ్మల్ని మీరు చంపుకోవద్దని (4:29) ఖుర్ఆన్ హెచ్చరించింది. మొదటి ఆయతు దైవమార్గంలో ఖర్చు చేసే సందర్భంలో వచ్చినా, చేజేతులా నాశనం కొనితెచ్చుకునే ప్రతి పనికీ అది వర్తిస్తుందని పండితులు వివరించారు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ బండి నడిపేవారికే కాదు, వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. పట్టీ బిగించి ఉండాలని కూడా చెప్పింది. పట్టీ బిగించని హెల్మెట్ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఒక్క ఏడాదిలో యాభై వేల జనాజాలు, శవయాత్రలు! హెల్మెట్ వల్ల నిజంగా ఉపయోగం ఉందా అనేవారి కోసం మరో మాట. వివిధ దేశాల్లో జరిగిన 61 అధ్యయనాలను పరిశీలించి 2008లో ప్రచురించిన కోక్రేన్ సమీక్ష, ప్రమాదానికి గురైన మోటారు సైకిల్ సవారీల్లో హెల్మెట్ మరణ ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఒక ప్రాణాన్ని కాపాడడం యావత్తు మానవాళిని కాపాడడం వంటిదని చెప్పే ధర్మం మనది (5:32). కాపాడవలసిన ఆ ఒక్క ప్రాణంలో మన ప్రాణం లేదా?

నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటవేస్తే అది నిజాయితీ కాదు. నేను ఇరవై ఏళ్ళుగా రోజుకు ఐదు పూటలు స్కూటరు మీద మస్జిద్‌కు వెళ్తున్నాను. తల మీద నమాజు టోపీ ఉండేది, హెల్మెట్ ఉండేది కాదు. టోపీ చూసి పోలీసులు ఆపేవారు కారు. మస్జిద్‌కే కదా వెళ్తున్నాను, అల్లాహ్ కాపాడతాడులే అనుకునేవాణ్ణి. మా మొహల్లా పిల్లలంతా నన్ను అలాగే చూశారు. గుసుల్ బల్ల మీద పడుకున్న ఆ పిల్లవాడు కూడా నా వెనుక సఫ్‌లో నిలబడ్డవాడే. అతను నన్ను చూసి నేర్చుకున్నాడో లేదో అల్లాహ్‌కు తెలుసు. నేను మాత్రం అతనికి మంచి ఆదర్శం చూపలేదు. ఈ తప్పుకు నేను తౌబా చేసుకున్నాను. ఇప్పుడు టోపీ జేబులో ఉంటుంది, హెల్మెట్ తల మీద ఉంటుంది. ఇమాములు, ముఅజ్జిన్లు, మద్రసా ఉస్తాదులు అందరికీ నా విన్నపం ఇదే. మన ప్రసంగం వినేవారు కొందరే, మన నడవడి చూసేవారు అందరూ.

మస్జిద్‌కు వెళ్ళే తొందర కూడా ఒక సాకు కాదు. ఇఖామత్ వినిపించినా పరుగెత్తుకుంటూ రావద్దని, నిదానంగా, హుందాగా రమ్మని, దొరికినన్ని రకాతులు చేసి మిగిలినవి పూర్తి చేసుకోమని దైవప్రవక్త (సఅసం) బోధించారు (బుఖారీ, ముస్లిం). హజ్‌లో అరఫాత్ నుండి తిరిగి వస్తూ, జనం ఒంటెల్ని కొట్టి తోలుతున్న చప్పుడు విని, నెమ్మదిగా వెళ్ళండి, వేగంలో పుణ్యం లేదని వారించారు (బుఖారీ). హజ్ ప్రయాణంలోనే వేగంలో పుణ్యం లేకపోతే మన వీధుల్లో ఎక్కడి నుండి వస్తుంది?

యువకులారా!

మీ వయసు, మీ ఉత్సాహం అల్లాహ్ వరాలు. బండి మీద ఇష్టం ఉండడం తప్పు కాదు. సహాబాలు గుర్రపు స్వారీలో ఆరితేరినవారు. దైవప్రవక్త (సఅసం) స్వయంగా గుర్రాలకు పందాలు పెట్టారు. అయితే అది శిక్షణతో, నిర్ణీత స్థలంలో, ఎవరికీ హాని లేకుండా జరిగేది. ముందు చక్రం గాలిలోకి లేపి, సైలెన్సరు తీసేసి, నిద్రపోయే పసిపిల్లల్ని, రోగుల్ని అదరగొట్టడం వీరత్వం కాదు. ఎవరి కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతను విశ్వాసి కాజాలడని ప్రవక్త (సఅసం) ముమ్మారు ప్రమాణం చేసి చెప్పారు (బుఖారీ). హైదరాబాద్‌లో షబే బరాత్ రాత్రి మన కుర్రకారు పందాలకు భయపడి పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేయవలసి రావడం మనకు గౌరవమా? ఆరాధన పేరుతో మేల్కొన్న రాత్రి ఏదో ఒక ఇంట్లో ఏడుపుతో తెల్లవారడం ఎంత దౌర్భాగ్యం!

భూమి మీద విర్రవీగుతూ నడవవద్దని, నడకలో మధ్యేమార్గం అవలంబించమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి ఉపదేశించారు (31:18, 19). కరుణామయుని దాసులు భూమి మీద నమ్రతతో నడుస్తారు (25:63). కాళ్ళతో నడిచేవారికి ఇచ్చిన ఈ ఉపదేశం చక్రాల మీద నడిచేవారికి ఇంకా ఎక్కువ అవసరం.

మరొక విషయం గుర్తుంచుకోండి. మీ నిర్లక్ష్యం వల్ల ఇంకొకరి ప్రాణం పోతే పోలీసు కేసుతో, బీమా సొమ్ముతో విషయం ముగిసిపోదు. పొరపాటున విశ్వాసిని చంపినవాడిపై రక్తపరిహారంతో పాటు కఫ్ఫారా కూడా ఉంది. బానిసను విముక్తి చేసే స్తోమత, అవకాశం లేనివారు రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించాలి (4:92). క్షణం సేపు చూపించిన దర్జాకు ఎంత బరువైన మూల్యమో చూడండి.

తల్లిదండ్రులారా!

మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరినీ తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు (బుఖారీ, ముస్లిం). పదో తరగతి పాసయ్యాడని పిల్లవాడి చేతికి బండి తాళాలు ఇవ్వడం ప్రేమ కాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా సంరక్షకుడికి మూడేళ్ళ వరకు జైలు, ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా ఉంది. చట్టం కంటే ముందు అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవాలి. ఇక పెళ్ళికి జహేజ్‌గా మోటారు సైకిల్ అడిగే అల్లుళ్ళ సంగతి వేరే చెప్పాలి. అమ్మాయి తండ్రిని అప్పులపాలు చేసి బండి తెచ్చుకుంటారు, అదే అమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకున్నప్పుడు ఆమె తలకు ఒక హెల్మెట్ కొనిపెట్టడానికి మనసు రాదు.

మన స్త్రీల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. బుర్ఖా అంచు గాని, దుపట్టా గాని వెనుక చక్రంలో చుట్టుకుంటే క్షణంలో కింద పడేస్తుంది, మెడకు ఉరి పడుతుంది. బండికి చీర గార్డు తీయించవద్దు. ఎక్కగానే బుర్ఖాను ఒడిలోకి లాక్కుని మోకాళ్ళ కింద అదిమి పెట్టుకోవాలి. ముఖంపై నిఖాబ్ ఉన్నా పైన హెల్మెట్ పెట్టుకోవచ్చు. పర్దాకు అది అడ్డు కాదు. పిల్లలకు వారి తలకు సరిపోయే హెల్మెట్ కొనండి. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని వెనుక కూర్చోబెట్టుకుంటే వారికి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కలిపి కట్టే పట్టీ ఉండాలని, వేగం నలభై కిలోమీటర్లు మించరాదని 2023 నుండి నిబంధన అమల్లో ఉంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగున్నట్లే కనిపించినా, మళ్ళీ వాడకండి.

ఆ తండ్రికి జవాబు

ఇప్పుడు ఆ తండ్రి రెండో ప్రశ్న దగ్గరికి వద్దాం. నీకు ప్రయోజనం కలిగించే దాని కోసం పాటుపడు, అల్లాహ్ సహాయం కోరు, చేతకానివాడిలా కూర్చోకు అని ప్రవక్త (సఅసం) బోధించారు. అదే హదీసులో, ఏదైనా ఆపద వచ్చిపడితే అలా చేసి ఉంటే ఇలా అయ్యేది కదా అనవద్దని, ఆ 'ఉంటే' అన్న మాట షైతాన్‌కు ద్వారం తెరుస్తుందని కూడా చెప్పారు (ముస్లిం). ఒకే హదీసులో రెండు భాగాలు. మొదటిది ఆపద రాకముందు బ్రతికున్నవారి కోసం. రెండోది ఆపద వచ్చాక గుండె పగిలినవారి కోసం. మనం వీటిని తారుమారు చేస్తున్నాం. జాగ్రత్త పడవలసిన వేళ తఖ్దీర్ అంటున్నాం, ఓర్చుకోవలసిన వేళ 'ఉంటే' అంటూ కుమిలిపోతున్నాం.

కాబట్టి ఆ సోదరుడితో ఇలా అన్నాను. "భాయ్, ఆ 'ఉంటే' అన్న మాటను మీ ఇంట్లో ఎవరూ మోయవద్దు. ముఖ్యంగా పాలు తెమ్మన్న ఆ తల్లి మోయకూడదు. పిల్లవాడి సంగతి కరుణామయుడైన ప్రభువు చూసుకుంటాడు, అతని మన్నింపు కోసం దుఆ చేయండి. హెల్మెట్ సంగతి మాత్రం మేం చూసుకుంటాం, బ్రతికున్నవాళ్ళం." అతను చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. తరువాత, "చిన్నవాడికి కూడా చెప్పండి హజ్రత్, నా మాట వినడు" అన్నాడు. ఆ చిన్నవాడు ఇప్పుడు జుమాకు హెల్మెట్ పెట్టుకునే వస్తున్నాడు.

సోదరులారా! బండి ఎక్కినప్పుడు మనం సవారీ దుఆ చదువుతాం. ఈ వాహనాన్ని మాకు లోబరచినవాడు పరిశుద్ధుడని, మా అంతట మేం దాన్ని లోబరచుకోగలిగేవారం కామని, చివరికి మా ప్రభువు వద్దకే మరలి పోవలసినవారమని అందులో ఒప్పుకుంటాం (43:13, 14). ఈ రోజు నుండి ఆ దుఆను పట్టీ బిగించుకున్న తరువాత చదువుదాం. మరలి వెళ్ళే రోజు ఎలాగూ ఉంది. ఆ రోజు అమానతును పారేసుకున్నవారిగా కాక, కాపాడుకున్నవారిగా ఆయన సన్నిధికి చేరుకుందాం.

యా అల్లాహ్! మా బిడ్డల్ని రోడ్ల మీద నీ రక్షణలో ఉంచు. వెళ్ళిపోయినవారిని మన్నించు. వారి తల్లిదండ్రులకు సహనం ప్రసాదించు. నీవిచ్చిన ప్రాణం విలువ మాకు తెలియజెయ్యి. ఆమీన్.